ఇంట్లో పాట తయారీ: పెట్టె కొనాలా, ప్రోగ్రాము చాలదా?

అర్ధసంవత్సర పరీక్షలు అయిపోయిన మర్నాడు మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అబ్బాయి స్టాఫు రూము గుమ్మం దగ్గర నిలబడి, "మాస్టారూ, ఒక్క సందేహం" అన్నాడు. పరీక్షలు అయ్యాక సందేహం అడిగే కుర్రవాణ్ణి చూసి చాలా రోజులైంది గనుక వెంటనే లోపలికి రమ్మన్నాను.

వాడు సొంతంగా బాణీలు కడతాడు. వాళ్ళ అక్క పాడుతుంది. ఇద్దరూ కలిసి ఇంట్లోనే పాటలు తయారు చేయాలని వాళ్ళ కోరిక. వాళ్ళ నాన్న పదిహేను వేలు ఇస్తానన్నాడట. "ఈ డబ్బుతో వందల రకాల ధ్వనులు పలికే పెద్ద కీబోర్డు కొనమంటారా? ఇంట్లో ఉన్న కంప్యూటరులో ప్రోగ్రాము వేసుకుంటే సరిపోతుందా? దుకాణం ఆయన పెట్టె కొనాల్సిందే అంటున్నాడు. మా బావేమో పెట్టెలన్నీ దండగ, అంతా సాఫ్ట్‌వేరులోనే వస్తుంది అంటున్నాడు. ఎవరి మాట నిజం మాస్టారూ?"

ఇద్దరి మాటా సగం నిజమే. ఏ సగం నిజమో తెలియాలంటే, పాట గొంతులో బయలుదేరి తిరిగి చెవికి చేరేదాకా దాని వెంట మనమూ నడవాలి. అది తేలితే డబ్బు ఎక్కడ పెట్టాలో దానంతట అదే తేలుతుంది.

గొంతు నుండి అంకె దాకా

అక్క పాట మొదలుపెట్టింది అనుకుందాం. గాలి ఒత్తిడిలో హెచ్చుతగ్గులు అలలుగా సాగి మైకును చేరాయి. సభల్లో చేత పట్టుకొని పాడే మామూలు మైకులో ఒక పలుచని పొర, దానికి అతికించిన సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు దగ్గరగా ఒక అయస్కాంతం ఉంటాయి. అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట కదిలితే అందులో విద్యుత్తు పుడుతుందని ఫారడే చెప్పిన పాఠం మీరు పదో తరగతిలో చదువుతారు. బడి ప్రయోగశాలలో ఆ చుట్టను మనం చేత్తో కదుపుతాం. ఇక్కడ అక్క గొంతు కదుపుతుంది. అంతే తేడా!

ఇలా పుట్టే వోల్టేజి బహు స్వల్పం. మైకు దగ్గరగా మామూలుగా పాడితే ఒక వోల్టులో వెయ్యో వంతు, కాస్త అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని ముందు ఒక వర్ధకంతో పెంచాలి. పెంచిన తరువాత కొలవాలి. ఎన్నిసార్లు? సెకనుకు 44,100 సార్లు!

ఈ వింత సంఖ్య ఎందుకని మీకు సందేహం రావచ్చు. మనిషి చెవి సుమారుగా 20,000 హెర్ట్‌జ్‌ల వరకు వినగలదు. ఒక అలను పట్టుకోవాలంటే దాని మిట్టకు ఒకటి, పల్లానికి ఒకటి చొప్పున కనీసం రెండు కొలతలకు మించి కావాలి. అంటే సెకనుకు 40,000 కంటే ఎక్కువ. హారీ నైక్విస్ట్ 1928లోను, క్లాడ్ షానన్ 1949లోను ఈ సూత్రానికి గణిత రూపం ఇచ్చారు. 1982లో మార్కెట్లోకి వచ్చిన కాంపాక్ట్ డిస్కు 44,100ను ఖాయం చేసింది. ప్రతి కొలతనూ 16 బిట్లలో రాస్తారు. 2ను 16 సార్లు గుణించి చూడండి, 65,536 వస్తుంది. అంటే కొలబద్ద మీద అన్ని గీతలు ఉన్నాయన్నమాట. సున్నాకు కింద -32,768 వరకు, పైన 32,767 వరకు. ఈ రెండో సంఖ్యను గుర్తు పెట్టుకోండి, దానితో నాకొక పాత పేచీ ఉంది.

కొలత అయిన క్షణం నుండి పాట ఇక పాట కాదు, అంకెల వరుస. మూడు నిమిషాల పాట అంటే 79,38,000 అంకెలు!

ఆ తరువాత అంతా కూడికలు, గుణకారాలే

ఇక్కడ కాగితం, పెన్సిలు తీసుకోండి. అక్క పాటలో వరుసగా నాలుగు కొలతలు 12, 20, 7, -5 అనుకుందాం. ధ్వనిని రెండింతలు చేయాలంటే? ప్రతి అంకెనూ 2తో గుణించండి: 24, 40, 14, -10. పాటకు మృదంగం కలపాలి. మృదంగం కొలతలు 3, -4, 10, 2 అనుకుంటే, వరుసగా కూడండి: 15, 16, 17, -3. పాటా మృదంగమూ కలిసిపోయాయి! ప్రతిధ్వని కావాలా? పావు సెకను వెనక్కు, అంటే 11,025 అంకెలు వెనక్కు వెళ్ళి, అక్కడున్న అంకెలో సగం తెచ్చి ఇప్పటి అంకెకు కలపండి. అదే పని ప్రతి అంకెకూ చేస్తూ పోండి. కొండల మధ్య నిలబడి పాడినట్లు వినిపిస్తుంది.

కూడిక, గుణకారం ఎవరు చేసినా జవాబు ఒకటే కదా! రెండువేల రూపాయల పెట్టె చేసినా, రెండు లక్షల పెట్టె చేసినా, మీ కంప్యూటరు చేసినా 7కు 10 కలిపితే 17. బావగారి మాటలో నిజం ఉన్నది ఇక్కడే. దుకాణంలో కనిపించే కీబోర్డు పెట్టెలను విప్పి చూస్తే చాలావాటిలో ఉండేది ఒక చిన్న కంప్యూటరు, దాని జ్ఞాపకంలో దాచిన అంకెలు. 1983లో యమహా కంపెనీ అమ్మిన డీఎక్స్ 7 అనే వాద్యం ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. అందులో ధ్వనిని పుట్టించేది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనుగొన్న ఒక లెక్క. పైకి హార్డ్‌వేరు, లోపల గణితం.

అన్ని పెట్టెలూ ఇంతే అనుకోకండి. 1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ తయారుచేసిన వాద్యంలో అంకెలు లేవు. ట్రాన్సిస్టర్ల గుండా నడిచే వోల్టేజి నేరుగా ధ్వని అల రూపం తీసుకునేది. మీట తిప్పితే వోల్టేజి మారేది, దానితో శ్రుతి మారేది. గది వేడెక్కినా శ్రుతి మారేది! ట్రాన్సిస్టరు గుణం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది మరి. అటువంటి పెట్టెలను ఇప్పటికీ ప్రాణప్రదంగా చూసుకునేవారు ఉన్నారు. ఆ ఇష్టాన్ని నేను కాదనను. అయితే మొదటి పాట చేయబోయే తొమ్మిదో తరగతి కుర్రవాడు దానికోసం అప్పు చేయనక్కరలేదు.

కంప్యూటరుకు ఈ పని మొదటినుంచీ చేతనైంది కాదు. 1957లో బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ అనే ఇంజనీరు, ఐబీఎం 704 కంప్యూటరు చేత ఒక చిన్న బాణీ పలికించాడు. దాని నిడివి 17 సెకన్లు. ఆ 17 సెకన్ల అంకెలను కంప్యూటరు ముందుగా లెక్కకట్టి టేపు మీద రాయాలి, ఆ టేపును వేరేచోట ఉన్న యంత్రానికి తీసుకుపోయి ధ్వనిగా మార్చాలి. వేలు పెడితే పలకడం అనే మాటే లేదు. అందుకే 1980లలో ఇంటి స్టూడియో అంటే పెట్టెల దొంతరే. ఏ.ఆర్. రెహమాన్ 1989లో అప్పటి మద్రాసులో తన ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకున్నారు. మూడేళ్ళకు 'రోజా' వచ్చింది. మామూలు బల్ల మీది కంప్యూటరు కూడా పాట వినిపిస్తూనే లెక్కలు చేసే స్థితికి చేరింది 1990ల మధ్యలో. 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ, పెట్టెలు చేసే పనులను ప్రోగ్రాములుగా తన క్యూబేస్‌లో తగిలించుకునే ఏర్పాటు చేసింది. ఈనాడు మీ ఇంట్లో ఫోను సైతం ఆ పాత దొంతర కంటే వేగంగా కూడికలు చేస్తుంది.

మరి దుకాణం ఆయన మాటలో నిజమేది?

లెక్కకు అందనిది

ఇక నా పేచీ చెబుతాను. 2012లో మా అమ్మ చేత పాత పాటలు పాడించి దాచుదామని బుద్ధి పుట్టింది. పెళ్ళిపాటలు, జోలపాటలు, తిరగలి పాటలు ఆమెకు చాలా వచ్చు. కంప్యూటరుకు మైకు గుచ్చే రంధ్రం ఉందిగా అని ఒక చవక మైకు తెచ్చి అందులో గుచ్చాను. మంచి ప్రోగ్రాము వేశాను. అమ్మ పాడుతుంటే తెర మీద ధ్వని మట్టం చూపే గీత పై స్థాయిలో ఎర్రగా మారుతూనే ఉంది. నేను చూశాను కూడా. "తరువాత ప్రోగ్రాములో సరిచేసుకోవచ్చులే" అనుకున్నాను. సైన్సు మాస్టరునై ఉండి!

జరిగింది ఇది. కొలబద్ద మీద ఆఖరు గీత 32,767 అని చెప్పానుగా. వచ్చిన వోల్టేజికి 40,000 రాయవలసి ఉన్నా, 50,000 రాయవలసి ఉన్నా, యంత్రం రాయగలిగింది 32,767 మాత్రమే. అల శిఖరాలన్నీ కత్తితో కోసినట్లు చదునైపోయాయి. వింటే బరబరమని చిరిగిన గుడ్డలాంటి చప్పుడు. నేను మర్నాడు ప్రతి అంకెనూ సగం చేసి చూశాను. చదునైన శిఖరం ఎత్తు తగ్గింది, చదును మాత్రం అలాగే ఉంది. అక్కడ 40,000 ఉండేదో 50,000 ఉండేదో ఏ ప్రోగ్రాము చెప్పగలదు? పక్క అంకెలను చూసి ఊహించే ప్రోగ్రాములు ఇప్పుడు ఉన్నాయి. అవి కొంతవరకు అతుకు వేస్తాయి. అది ఊహే గాని అమ్మ గొంతు కాదు. దీనికితోడు పాట పొడుగునా సీలింగు ఫ్యాను హోరు. ఆ హోరును తీసే ప్రోగ్రాము హోరుతో పాటు 'స', 'శ' అక్షరాల పదును కూడా తీసేసింది. ఎందుకంటే ఆ అక్షరాల ధ్వనీ హోరు జాతిదే.

అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. పై స్థాయి అందదు. పాటల్లో సగం చరణాలు గుర్తు లేవు.

అంకెగా మారేలోపు పోయింది పోయినట్లే. కాబట్టి గాలిలోని అలను విద్యుత్తుగా మార్చే మైకు, దాన్ని పెంచే వర్ధకం, కొలిచే యంత్రం, చివర అంకెలను తిరిగి గాలిలోకి అలలుగా పంపే హెడ్‌ఫోను - వీటి పనిని ఏ ప్రోగ్రామూ చేయలేదు. అవి వస్తువులై తీరాలి, కాస్త మంచి వస్తువులై ఉండాలి. వర్ధకం, కొలిచే యంత్రం కలిపి ఒకే చిన్న పెట్టెగా అమ్ముతారు. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేసు అంటారు. కంప్యూటరులోనూ ఆ రెండూ ఉంటాయి గాని, తక్కిన విద్యుత్ పరికరాల మధ్య ఇరుక్కుని వాటి గరగర చప్పుడునూ కాస్త మోసుకొస్తాయి. ఈ చిన్న పెట్టెలు ఇప్పుడు 24 బిట్లతో కొలుస్తాయి. దాని కొలబద్దలో 1,67,77,216 గీతలు! అందుకని శిఖరం పైకి తగలకుండా ధ్వనిని తగ్గించి పెట్టి రికార్డు చేసినా నష్టం లేదు, తరువాత గుణించుకోవచ్చు. ఈ ఒక్క సంగతి 2012లో నాకు తోచి ఉంటే ఎంత బాగుండేది!

పాడే గది కూడా వస్తువే. ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి వినండి. గోడల నుండి తిరిగి వచ్చే ధ్వని అసలు ధ్వనిలో కలిసి సాగుతుంది. దీన్నే ప్రతినాదం అంటారని మీ పాఠంలో ఉంది. మైకులోకి అది ఎక్కితే విడదీయడం బహు కష్టం. విరుగుడు చవకైనదే: బొంతలు. రెండు దండేల మీద బొంతలు వేలాడదీసి, వాటి మధ్య నిలబడి పాడితే గది సద్దుమణుగుతుంది. ఇంకొకటి, మైకుకు దగ్గరగా పాడండి. దూరం సగమైతే మైకును చేరే గొంతు తీవ్రత నాలుగింతలవుతుంది, గది చప్పుడు మాత్రం ఉన్నంతే ఉంటుంది. ఒకే పల్లవిని జానెడు దూరం నుండి ఒకసారి, నాలుగు జానల దూరం నుండి ఒకసారి ఫోనులోనే రికార్డు చేసి వినండి. తేడా మీకే తెలుస్తుంది.

షేరు ఆటో

కంప్యూటరుకు ఇంకో బలహీనత ఉంది. మా ఊరి సెంటరులో షేరు ఆటో నిండితే గాని కదలదు. కంప్యూటరూ అంతే. వచ్చిన ప్రతి అంకెనూ వెంటనే తీసుకోదు. ఇన్ని అంకెలు పోగైతే గాని లెక్క మొదలుపెట్టదు. ఆ ఆటోలో 1,024 సీట్లు ఉన్నాయనుకుందాం. సెకనుకు 44,100 అంకెలు వస్తుంటే అది నిండటానికి 23 మిల్లీసెకన్లు. తిరుగు ప్రయాణంలోనూ అంతే. మొత్తం 46. అంటే అక్క పాడిన స్వరం ఆమె హెడ్‌ఫోనులో 46 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది.

ఇది ఎంత? గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. 340ని 0.046తో గుణించండి. దాదాపు 16 మీటర్లు! తాళం వేసేవాడు మన తరగతి గది దాటి వరండా చివర కూర్చుని వేస్తున్నట్లు. కాలు జారుతున్న లయలో పాడటం ఎంత కష్టమో పాడేవారిని అడగండి. సీట్లు 128కి తగ్గిస్తే రానూ పోనూ 6 మిల్లీసెకన్లే, అంటే రెండు మీటర్లు. తాళం పక్కనే ఉన్నట్లు. మరి ఎప్పుడూ అలాగే పెట్టుకోవచ్చుగా అంటారా? కంప్యూటరుకు మన పాట ఒక్కటే పని కాదు. మధ్యలో వైరస్ కోసం వెతుకుతుంది, ఇంకేదో దింపుకుంటుంది. మూడు మిల్లీసెకన్లలోపు లెక్క ముగించలేకపోతే పాట మధ్య టిక్కు టిక్కుమని ఖాళీలు పడతాయి.

ఒకే పనికి పుట్టిన పెట్టెకు ఈ బెడద లేదు. అందుకే వేదిక మీద వాయించేవారు ఇప్పటికీ పెట్టెలనే నమ్ముతారు. వారిది సరైన నమ్మకమే. ఇంట్లో రికార్డు చేసేవారికి ఆడియో ఇంటర్‌ఫేసు పెట్టెలోనే ఉపాయం ఉంది. చాలావాటిలో ఒక మీట ఉంటుంది. అది నొక్కితే మైకులోని గొంతు కంప్యూటరు దాకా పోకుండా పెట్టెలోంచే నేరుగా హెడ్‌ఫోనుకు వస్తుంది. కొనే ముందు ఆ మీట ఉందో లేదో చూడండి. హెడ్‌ఫోను తీగ ఉన్నదే కొనండి. తీగలేని బ్లూటూత్ హెడ్‌ఫోనులు సాధారణంగా వంద మిల్లీసెకన్లకు మించిన ఆలస్యం చేస్తాయి. వినడానికి సరే, పాడటానికి పనికిరావు.

వేళ్ళ సంగతి

గొంతుకు మైకు ఎలాగో వేళ్ళకు మెట్లు అలాగ. 1983లో వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేందుకు మిడి అనే ఉమ్మడి భాష ఏర్పడింది. ఆ భాషలో ధ్వని ఉండదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు - ఇంతే. మెట్ల సంఖ్యలు 0 నుండి 127 వరకు. ఒక మెట్టు నొక్కిన కబురు మూడు చిన్న సంఖ్యల్లో ముగుస్తుంది. అందుచేత తనకు సొంత ధ్వని ఏదీ లేని, మెట్లు మాత్రమే ఉన్న చిన్న కీబోర్డు కొని, ధ్వనిని కంప్యూటరులోని ప్రోగ్రాము చేత పలికించవచ్చు. వందల ధ్వనుల పెద్ద పెట్టె కంటే ఇది చాలా చవక.

అయితే మన సంగీతానికి మెట్లు చాలవు. గమకం రెండు మెట్ల మధ్య ఊగుతుంది కదా! దానికోసం కీబోర్డు ఎడమవైపు ఒక చిన్న చక్రం ఉంటుంది. అది శ్రుతిని 16,384 సన్నని అడుగుల్లో జరపగలదు. మౌసుతో తెర మీద గీత గీసి కూడా గమకం చేయవచ్చు. నేను ఒక సాయంకాలమంతా కూర్చుని మోహనలో నాలుగు స్వరాలకు అలా గీశాను. గణితం తప్పలేదు, పాట మాత్రం లెక్కల పుస్తకంలా ఉంది. చక్రం ఉన్న కీబోర్డుకు ఇంకో వెయ్యి ఎక్కువైనా ఇవ్వవచ్చునని నా అభిప్రాయం.

మన్నిక మాట ఒక్కటి. పెట్టె పాతబడినా చేసే పనే చేస్తుంది, కొత్త పని నేర్చుకోదు. ప్రోగ్రాము కొత్తవి నేర్చుకుంటుంది, కాని కంప్యూటరు మారితే ఒకోసారి పని మానేస్తుంది. ఇక దొంగ ప్రోగ్రాముల జోలికి పోకండి. వాటితోపాటు వైరస్‌లూ వస్తాయి. ఆ అవసరమూ లేదు. 2000 సంవత్సరం నుండి ఉచితంగా దొరుకుతున్న ఆడాసిటీ గొంతు రికార్డు చేయడానికి చక్కగా సరిపోతుంది. బాణీలు, తాళాలు అల్లుకోవడానికి ఎల్ఎంఎంఎస్ అనేది ఉంది. అదీ ఉచితమే.

మా కుర్రవాడు పెద్ద కీబోర్డు ఆలోచన మానుకున్నాడు. నేరుగా వినే మీట ఉన్న చిన్న ఇంటర్‌ఫేసు, చేతి మైకు ఒకటి, తీగ హెడ్‌ఫోను కొన్నాడు. మిగిలినదానికి నాన్న ఇంకొంచెం కలిపితే పాతిక మెట్లు, చక్రం ఉన్న చిన్న మిడి కీబోర్డు వచ్చింది. ప్రోగ్రాములకు పైసా ఖర్చు కాలేదు. బొంతలు వాళ్ళ నాయనమ్మవి.

సంక్రాంతి సెలవులు కాగానే మొదటి పాట పట్టుకొచ్చాడు. ఎక్కడా శిఖరం తెగలేదు, ఫ్యాను హోరు లేదు. రెండో చరణం మధ్యలో మాత్రం కుక్కరు కూత వేసింది. "ఆ కూత తీసేసే ప్రోగ్రాము ఏదైనా ఉందా మాస్టారూ?" అని అడిగాడు.

"మీ అక్క ఊళ్ళోనే ఉందా?" అన్నాను.

"ఉంది."

"గొంతు బాగానే ఉందా?"

"బాగానే ఉంది మాస్టారూ."

"అయితే పోయి మళ్ళీ పాడించరా" అన్నాను.

ఈసారి అన్నం వార్చాక మొదలుపెట్టారట.